పై గదిలో ఏం పెరుగుతోంది?

కరెంటు పోయింది. గంటయింది... రెండు గంటలయింది... రాత్రంతా గడిచింది. అయినా రాలేదు. అలాంటప్పుడు ఇల్లాలి మనసు ఎక్కడెక్కడికి పరిగెడుతుంది? ఫ్రిజ్‌లో పాలు, రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి, సంపులోంచి పైకెక్కని నీళ్లు, ఇన్వర్టర్‌లో మిగిలిన కాస్త చార్జింగు... ఇవే కదా! ఇప్పుడు ఈ జాబితాలోకి ఇంకో సంగతి చేరింది. మేడ మీద గది కిరాయికిచ్చిన ఇంటావిడా, పిల్లల్ని హైదరాబాద్‌ హాస్టల్లో పెట్టి చదివిస్తున్న తల్లీ కూడా తెలుసుకోవాల్సిన సంగతి అది. కిటికీలు మూసి, లైట్లు పెట్టి, గదిలోనే గంజాయి మొక్కలు పెంచడం!

"అబ్బే, మన దగ్గర అలాంటివెక్కడండీ!" అని కొట్టిపారేయకండి. 2018లో మణికొండలో ఒక అపార్ట్‌మెంట్‌ ఫ్లాట్‌లో గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. ఒకటీ రెండూ కాదు, 40 కుండీలు! ఎల్‌.ఇ.డి. లైట్లు, ఫ్యాన్లు, ఏసీ... అన్నీ అమర్చుకున్నాడు. చుట్టూ సంసారులుండే అపార్ట్‌మెంటే అది.

2023 జూన్‌లో కర్ణాటకలోని శివమొగ్గలో ఇలాగే ఒక అద్దె ఇంట్లో లైట్ల కింద గంజాయి పెంచుతూ దొరికినవాళ్లు ఎవరనుకున్నారు? మెడిసిన్‌ చదువుతున్న విద్యార్థులు! 2024 నవంబర్‌లో ఢిల్లీ పక్కనున్న గ్రేటర్‌ నోయిడాలో ఒక ఫ్లాట్‌లో 80 దాకా కుండీలు బయటపడ్డాయి. అదే నెలలో బెంగళూరులో జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫాస్ట్‌ఫుడ్‌ సెంటర్‌ నడుపుకునే ఒక జంట బాల్కనీలో పూలమొక్కల మధ్య రెండు కుండీల్లో గంజాయి పెంచారు. భార్య ముచ్చటపడి తన బాల్కనీ తోటను ఫేస్‌బుక్‌లో పెట్టింది. చూసినవాళ్లు ఆకును గుర్తుపట్టారు. పోలీసులు తలుపు తట్టారు.

వీళ్లెవరూ సినిమాల్లో విలన్ల లాంటివాళ్లు కాదు. మన పక్క వాటాలో, ఎదురింట్లో ఉండే మనుషులే.

అమీర్‌పేట ఇళ్లు... ఆంటీల కష్టాలు

అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్‌.ఆర్‌.నగర్‌... ఈ పేర్లు వింటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరి తల్లికైనా గుర్తొచ్చేవి కోచింగులు, హాస్టళ్లు. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా కంప్యూటర్‌ కోర్సుల బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఆ గల్లీల్లో కింద తాముంటూ పైవాటా కిరాయికిచ్చే కుటుంబాలు ఎన్నో! డాబా మీది ఒంటి గదికి కూడా ఇక్కడ 'పెంట్‌హౌస్‌' అని పెద్ద పేరు. ఆయన రిటైరయ్యాకో, పోయాకో ఆ కిరాయి డబ్బులతోనే మందులు కొనుక్కుంటూ, మనవల ఫీజులు కట్టే ఆడవాళ్లున్నారు. పైగదిలో ఉండే అబ్బాయిలు "ఆంటీ, మోటార్‌ వేస్తారా?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. నెల మొదట్లోనే డబ్బులిస్తారు. ఇంక వాళ్ల గదిలో ఏముందో చూడాలని ఎవరికి తోస్తుంది?

కరెంటు గట్టిగా పోయినప్పుడే ఇంటావిడ పైకెక్కేది! 2014కు ముందు వేసవి కోతల్లో నగరమంతా ఉక్కపోతతో డాబాలెక్కిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఆ కోతలు తగ్గాయి గానీ గాలివానలు తగ్గలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబర్‌ 13 వానకైతే మునిగిన కాలనీల్లో రోజుల తరబడి దీపం లేదు. సెల్లార్‌లో నీళ్లు చేరితే చాలు, మీటర్ల బోర్డు భయానికి అపార్ట్‌మెంట్‌ మొత్తానికి సరఫరా ఆపేస్తారు. అప్పుడు మూసిన గదులన్నీ తెరుచుకుంటాయి. కొన్నింట్లోంచి ఏదో వాసన కూడా బయటికొస్తుంది.

కరెంటుకీ మొక్కకీ ఏం సంబంధం?

నిజానికి గంజాయి మొక్కకు బల్బు అక్కర్లేదు. విశాఖ ఏజెన్సీ కొండల్లో ఎండకీ వానకీ పెరిగిందే కదా! 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్‌ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. దానిలో ఏ మొక్కా ఏసీ గదిలో పెరిగింది కాదు.

గదిలో పెంచేవాడి కథ వేరు. అది ఏడు చేపల కథలా సాగుతుంది. ఎవరికీ కనపడకూడదు కాబట్టి కిటికీ మూయాలి. కిటికీ మూస్తే ఎండ లేదు కాబట్టి లైట్లు పెట్టాలి. లైట్లు పెడితే వేడి. వేడి తగ్గాలంటే ఫ్యాన్లు, ఏసీ. మొక్క ఎదిగేకొద్దీ ఘాటైన వాసన. ఆ వాసన పక్కింటికి పోకుండా మళ్లీ ఇంకో ఏర్పాటు. అన్నిటికీ మూలం ఒక్కటే... కరెంటు!

ఇంకో సంగతుంది. మన పెరట్లో చామంతి ఎప్పుడు పూస్తుంది? రాత్రుళ్లు పొడుగయ్యే చలికాలంలో. బెంగళూరు చుట్టుపక్కల రైతులు చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. రాత్రి ఇంకా చిన్నదేనని మొక్కను నమ్మించడానికే ఆ తంటా. అప్పుడది తొందరపడి పూయకుండా ఏపుగా ఎదుగుతుంది. గంజాయిదీ చామంతి కోవే. వెలుగు, చీకట్ల లెక్కను బట్టి దాని ఎదుగుదల మారిపోతుంది.

మరి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే? గది చీకటి. ఫ్యాను ఆగుతుంది. మూసిన గదిలో తేమ పట్టి ఆకులకు బూజు వస్తుంది. ఇన్నాళ్లూ వడకట్టి బయటికి పంపిన వాసన తలుపు సందుల్లోంచి మెట్ల మీదికి దిగుతుంది. ఎలుక చచ్చిందేమోనని ఇంటావిడ తలుపు కొడుతుంది. లోపలివాడికి మొక్కల బెంగ, దొరికిపోతానన్న బెంగ. ఇరుగుపొరుగువాళ్లు అమాయకంగా కొవ్వొత్తులు వెలిగించుకుంటూ ఉంటారు.

అసలు ప్రమాదం కరెంటు తిరిగొచ్చినప్పుడు ఉంటుంది. ఒక్క ప్లగ్గుకు నాలుగు ఎక్స్‌టెన్షన్‌ బోర్డులు తగిలించి, వాటి పక్కనే కుండీలకు నీళ్లు పోసే గదిని ఊహించుకోండి. ఆగిపోయిన లైట్లూ ఏసీ అన్నీ ఒక్కసారిగా మొదలైతే వైర్లు తట్టుకోవాలిగా? మొక్క ఏదైనా కానివ్వండి, నీళ్లూ కరెంటూ ఒకచోట చేరితే షాకు, మంటలు రెండింటికీ అవకాశమే. అదే ఇంట్లో కింద పసిపిల్లలు పడుకుని ఉంటారు.

గోంగూరను చూసి కంగారుపడకండి!

ఇక్కడ ఒక్కక్షణం ఆగాలి. ఆకు చూసి వెంటనే గంజాయి అని తీర్మానించేయకండి. మన గోంగూర శాస్త్రీయ నామం 'హైబిస్కస్‌ కన్నాబినస్‌'. ఆ రెండో మాటకు గంజాయిని పోలినది అని అర్థం. అంచున రంపపు పళ్లతో, చెయ్యి చాచినట్టు ఉండే గోగాకు నిజంగానే అలా కనిపిస్తుంది. కర్రపెండలం ఆకూ అంతే. 2014 అక్టోబర్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక పెద్దాయన పెరట్లో గంజాయి ఉందని హెలికాప్టర్‌లోంచి చూసి పోలీసులు వచ్చిపడ్డారు. తీరా చూస్తే బెండమొక్కలు!

తేడా ఎలా తెలుస్తుంది? గోగాకు వేళ్లలా చీలినా మొదట్లో అంతా ఒకే ఆకుగా కలిసి ఉంటుంది. గంజాయిలో అయిదో ఏడో తొమ్మిదో సన్నటి చిన్నాకులు కాడ దగ్గర దేనికది విడిగా ఉంటాయి. గోగుపువ్వు మందారంలా విచ్చుకుంటుంది, లేత పసుపు, మధ్యలో ముదురెరుపు. గంజాయి పూత ఆకుపచ్చగా, గుత్తులుగా, ముట్టుకుంటే జిగురుగా ఉంటుంది. అయినా తేల్చి చెప్పాల్సింది మీరూ నేనూ కాదు. అందుకే అనుమానం వేరు, నింద వేరు అని గుర్తుంచుకోవాలి.

అనుమానించదగ్గవి ఏమిటంటారా? ఎప్పుడూ తెరవని కిటికీలకు లోపల నల్లకాగితమో, వెండిరంగు షీటో అంటించి ఉండడం... ఒంటిగది మీటరు అకస్మాత్తుగా రెండు మూడింతలు తిరగడం... డిసెంబర్‌ చలిలోనూ ఏసీ ఆగకపోవడం... మనిషి ఊళ్లో లేకపోయినా గదిలో లైట్లు ఒకే వేళకు వెలిగి ఒకే వేళకు ఆరడం... కరెంటు పోతే చదువుకునే కుర్రాడు మరీ కంగారుపడిపోయి ఇన్వర్టర్ల కోసం పరుగులు తీయడం. వీటిలో ఏదో ఒక్కటే ఉంటే అర్థం లేదు. ఇంట్లో నుంచి కంపెనీ పని చేసుకునే పిల్లలకీ ఏసీ కావాలి, ఇన్వర్టరూ కావాలి. నాలుగైదు ఒక్కచోట కనిపిస్తేనే ఆలోచించండి.

కొనడం కన్నా పెంచుకోవడం నయమా?

కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది. "బయట కొంటే ప్రమాదం. అమ్మేవాడితో పరిచయం, దారిలో తనిఖీ, కల్తీ. అదే కుండీలో ఒక్క మొక్క వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికి నష్టం?" అనుకుంటారు. చాలామంది చదువుకున్న పిల్లలు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. చట్టం దీన్ని పూర్తిగా తలకిందులుగా చూస్తుంది.

మాదకద్రవ్యాల చట్టాన్నే ఎన్‌.డి.పి.ఎస్‌. చట్టం అంటారు. 1985 నవంబర్‌ 14 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం 'తక్కువ పరిమాణం' అని చెప్పే ఒక కిలో లోపు గంజాయి దగ్గర పెట్టుకుంటే ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

మరి పెంచితే? 20వ సెక్షన్‌ మొదటి భాగం ప్రకారం గంజాయి మొక్కను సాగు చేస్తే 10 ఏళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా! 'ఇన్ని మొక్కలు దాటితేనే' అన్న మాట అందులో లేదు. కొండమీద ఎకరం వేసినవాడైనా, బాల్కనీలో కుండీ పెట్టినవాడైనా వచ్చేది ఆ సెక్షన్‌ కిందికే. శిక్ష ఎంతన్నది కోర్టు నిర్ణయిస్తుంది, నిజమే. కానీ కేసు మాత్రం ఆ స్థాయిదే.

ఇంకా ముఖ్యమైన తేడా ఒకటుంది. అలవాటుపడినవాళ్లకు ఈ చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. 64-ఎ సెక్షన్‌ చెప్పేది అదే. మత్తుకు అలవాటుపడిన మనిషి మీద కేవలం వాడకం కేసో, తక్కువ పరిమాణం కేసో ఉన్నప్పుడు, అతను తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ కేసులో ప్రాసిక్యూషన్‌ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కానీ ఈ తలుపు సాగు కేసుకు తెరుచుకోదు. ఒకే కుర్రాడు... నిన్నటిదాకా అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే దారి ఉంది. కుండీలో గింజ నాటాక ఆ దారి ఇరుకైపోయింది. పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఇదే. మనమే చెప్పాలి.

ఇంటావిడకు ఇరకాటం

"గదిలో వాడు ఏం చేసుకుంటే నాకేం?" అనడానికి వీల్లేదు. ఇల్లు గానీ గది గానీ నేరానికి వాడుతున్నారని తెలిసీ ఒప్పుకున్న యజమానికి ఆ నేరానికి ఎంత శిక్షో అంతే శిక్ష అంటుంది 25వ సెక్షన్‌. ఇక్కడ కీలకం 'తెలిసీ' అన్న మాట. తెలియనంతకాలం మీ తప్పు లేదు. తెలిశాక ఊరుకుంటేనే చిక్కు. తన భూమిలో దొంగతనంగా గంజాయి సాగవుతుంటే వెంటనే అధికారులకు చెప్పడం భూమి ఉన్నవారి బాధ్యతని 46వ సెక్షన్‌ చెబుతోంది. తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే.

కాబట్టి మొక్కలు కనిపిస్తే ఏం చేయాలి?

మొదట, ముట్టుకోవద్దు. పీకి చెత్తబుట్టలో వేయడం, కాల్చేయడం, ఫ్లష్‌ చేయడం... ఏదీ వద్దు. ఆధారాలు మాయం చేయడం 2024 జులై 1 నుంచి అమలులోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 238వ సెక్షన్‌ కింద మరో నేరం. బెంగళూరు జంట పోలీసులొస్తున్నారని తెలిసి మొక్కలు పీకి పడేశారనీ, కుండీలో మిగిలిన ఆకులే పట్టించాయనీ అప్పట్లో పత్రికలు రాశాయి.

రెండు, ఫొటో తీసి కాలనీ వాట్సాప్‌ గ్రూపులో పెట్టకండి. గోంగూర అయితే ఒక అమాయకుడి పరువు పోతుంది. గంజాయే అయితే వాడు జాగ్రత్తపడిపోతాడు.

మూడు, ఒంటరిగా వెళ్లి నిలదీయకండి. చీకట్లో అసలే వద్దు. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి, తెలంగాణ ఈగల్‌ ఫోర్స్‌ నంబర్‌ 1908కి గానీ, 100కి గానీ ఫోన్‌ చేయండి. మీరు చూసింది చూసినట్టు చెప్పండి చాలు.

నాలుగు, గదిలో తడి వైర్లు, కాలిన వాసన ఉంటే మెయిన్‌ స్విచ్‌ ఆపి ఎలక్ట్రీషియన్‌ వచ్చేదాకా వేయకండి.

అసలు ఇంత దూరం రాకుండా ముందే చేయగలిగినవి కూడా ఉన్నాయి. రాతపూర్వకంగా కిరాయి ఒప్పందం, ఆధార్‌ కాపీ, ఊళ్లో తల్లిదండ్రుల ఫోన్‌ నంబర్‌ తీసుకోండి. కిరాయిదారు వివరాలు మీ పోలీస్‌ స్టేషన్‌లో ఇవ్వండి. గదికి విడి మీటరు పెట్టించి, ప్రతి నెలా రీడింగు మీరే రాసుకోండి. మూడు నెలలకోసారి ముందు చెప్పి, ప్లంబింగూ వైరింగూ చూస్తామని ఒప్పందంలోనే రాసుకోండి. చెప్పకుండా తాళం తీసి దూరడం మాత్రం మర్యాద కాదు. అందులోనూ ఆడపిల్లలుండే గదుల్లోకి అసలు కాదు.

ఒకవేళ పోలీసులు మీ ఇంటికి సోదాకు వస్తే భయపడిపోకండి. ఆడవాళ్ల ఒంటిమీద సోదా ఆడవాళ్లే చేయాలని చట్టంలో ఉంది. లాయరు ఖర్చు ఎలా అన్న దిగులూ వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లెవరికైనా, సంపాదనతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్‌ చేయొచ్చు.

అమ్మకు ఇంకో ఇరకాటం

ఇంటావిడకు చట్టం చిక్కయితే తల్లికి ప్రాణం చిక్కు. 2019లో ఎయిమ్స్‌ బయటపెట్టిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 3 కోట్ల 10 లక్షల మంది ఏడాదిలో ఒక్కసారైనా భంగో, గంజాయో, చరసో వాడినవాళ్లు. భంగును పక్కనపెడితే గంజాయి, చరసు వాడినవాళ్లు కోటీ 30 లక్షలు. అంతమందిలో మన బంధువుల పిల్లలు ఒక్కరూ ఉండరని ఎలా అనుకుంటాం?

"గంజాయి ఆకే కదా, సారా కన్నా నయం" అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. అందులో మత్తునిచ్చే టి.హెచ్‌.సి. అనే పదార్థం మెదడు మీద పనిచేస్తుంది. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకు, ఎక్కువగా వాడేవాళ్లకు అది వదలని అలవాటయ్యే అవకాశం ఎక్కువ. జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. లేనివి వినిపించడం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనిపించడం వంటి మానసిక జబ్బులు కొందరిలో పైకి వస్తాయి. కోచింగు కోసం పంపిన పిల్లవాడికి అన్నిటికన్నా కావాల్సింది ఏకాగ్రతే కదా!

గదిలో వాడకం ఆనవాళ్లు కనిపిస్తే ఆ రాత్రే అరిచి గోల చేయకండి. మర్నాడు, కడుపునిండా తిన్నాక, తలుపేసుకుని అడగండి. "ఎవరు నేర్పార్రా నీకు?" అని కాదు. "ఎప్పట్నుంచి నాన్నా? నిద్ర పడుతోందా? మానాలని ఉందా?" అని. తిట్టే తల్లికి పిల్లలు అబద్ధం చెబుతారు. అడిగే తల్లికి నిజం చెప్పే అవకాశం కనీసం సగం ఉంటుంది. తండ్రికి తెలిస్తే చంపేస్తాడని దాచిపెట్టకండి. దాచినకొద్దీ చికిత్స వెనక్కి పోతుంది.

చికిత్స ఎంతో దూరంలో లేదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్‌ ఎర్రగడ్డ. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మత్తు మాన్పించే విభాగం ఉంది. ఎర్రగడ్డ పేరెత్తితే జనం నవ్వుతారని బాధపడే తల్లులు చాలామంది. నవ్వే జనం మీ అబ్బాయికి పరీక్ష ఫీజు కట్టరు, కోర్టుకూ తోడు రారు. ఆ మెట్రో టికెట్‌ సిగ్గుపడాల్సింది కాదు, 64-ఎ సెక్షన్‌ తెరిచిన తలుపు దాకా తీసుకెళ్లే టికెట్‌ అది.

మరి గదిలో కుండీయే కనిపిస్తే? అప్పుడు ఇంటివైద్యం కుదరదు. పీకి పారేసి "ఇంకెప్పుడూ చేయనని ఒట్టెయ్‌" అంటే తీరే సంగతి కాదు. ఆ రోజే ఒక లాయర్‌ని కలవండి. ఉచిత న్యాయసహాయం తల్లికీ వర్తిస్తుంది. ఆయన చెప్పినట్టు నడుచుకోండి. పక్కింటివాళ్ల సలహా వద్దు, అన్నయ్యగారికి తెలిసిన ఎస్సై వద్దు.

"అక్కడ చెల్లుతుంది కదమ్మా!"

చదువుకున్న పిల్లల దగ్గర ఇంకో వాదన సిద్ధంగా ఉంటుంది. "కెనడాలో లీగలే కదా!" నిజమే. కెనడాలో 2018 అక్టోబర్‌ 17 నుంచి పెద్దవాళ్ల వాడకం చట్టబద్ధం. ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోనిస్తారు. అక్కడా కొన్నిచోట్ల అది లేదు. జర్మనీలో 2024 ఏప్రిల్‌ 1 నుంచి మనిషికి మూడు మొక్కలు. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి తీసేసినప్పుడు మన దేశమూ అవునని ఓటేసింది. మన ఉత్తరాఖండ్‌లో లైసెన్స్‌ మీద నార కోసం మత్తు తక్కువున్న రకాన్ని సాగు చేయనిస్తున్నారు.

ఇవన్నీ నిజాలే. వీటిలో ఏదీ అమీర్‌పేట పెంట్‌హౌస్‌కు వర్తించదు. ఇక్కడ 1985 నాటి చట్టమే. అదీగాక ఈ గల్లీల్లో సగంమంది పిల్లల కల అమెరికా. అక్కడ చాలా రాష్ట్రాల్లో గంజాయి అమ్మినా, వీసాలు చూసేది కేంద్ర ప్రభుత్వం. కేంద్ర చట్టంలో అదింకా నియంత్రిత మత్తు పదార్థమే. మత్తు పదార్థాల కేసులో శిక్ష పడితే వీసాకు పెద్ద అడ్డంకి. ఇక్కడ క్రిమినల్‌ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ఇస్తోంది. పదేళ్లు అప్పు చేసి చదివించిన చదువు ఒక మట్టికుండీ దగ్గర ఆగిపోవడం అంటే ఇదే.

పిల్లల చేతికి మట్టి అంటడం మంచిదే

మొక్కలు పెంచే సరదా చెడ్డదేం కాదు. హాస్టల్‌ బాల్కనీలో పుదీనా కాడ గుచ్చితే వారానికి చిగురేస్తుంది. పొడి ధనియాలు నలిపి చల్లితే కొత్తిమీర. వెలుతురు తక్కువ గదిలో మనీప్లాంటు నీళ్ల సీసాలోనైనా బతుకుతుంది. ఎండ తగిలే డాబా మీద గోంగూర వేసుకుంటే పచ్చడికి కొదవుండదు. వీటిలో దేనికీ కిటికీ మూయక్కర్లేదు. మూడు రోజులు కరెంటు పోయినా వీటికి తెలియను కూడా తెలియదు. ఊరెళ్లే ముందు పిల్లల గదికి ఓసారి వెళ్లి, ఒక పుదీనా కుండీ పెట్టి రండి. వెళ్లినప్పుడే పైన చెప్పిన చట్టం సంగతీ ఒకసారి చెప్పి రండి. బెదిరింపుగా కాదు, కబుర్లలోనే.

ఫోన్‌ పక్కన రాసి పెట్టుకోండి

గంజాయి, మత్తు పదార్థాల సమాచారం ఇవ్వడానికి: తెలంగాణ ఈగల్‌ ఫోర్స్‌ 1908, దేశమంతటికీ 1933
మత్తు మానడానికి సలహా: 14446
మనసు బాగోలేనప్పుడు: టెలి మానస్‌ 14416
ఉచిత న్యాయసహాయం: 15100
కరెంటు ఫిర్యాదులు: 1912